రాతప్రతి పూర్తయ్యాక, అచ్చుకు వెళ్లేలోపు: తరచుగా అడిగే ప్రశ్నలు

పుస్తకం రాసి ముగించిన వెంటనే చాలామందికి పట్టుకునే భయం ఒకటే: ఎవరైనా ఎత్తుకుపోతే? కానీ రాతప్రతికి అసలు ముప్పు ఇంట్లోనే ఉంటుంది. ఏది తుది ప్రతో రచయితకే గుర్తుండదు, పాత ఫైలు డీటీపీకి (కంప్యూటర్‌లో పుస్తకం పేజీలు కట్టే పనికి) వెళ్లిపోతుంది, ఫాంటు మార్చేటప్పుడు అక్షరాలు చెదిరిపోతాయి. కింది జవాబుల్లో దొంగల కంటే ఈ గందరగోళం గురించే ఎక్కువ ఉండటానికి కారణం అదే.

రాయడం అయిపోయింది. మొట్టమొదట చేయాల్సిన పని ఏమిటి?

అసలు ప్రతి ఏదో తేల్చుకోండి. కంప్యూటర్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి, మిత్రుడు దిద్ది పంపింది ఇంకొకటి, ఫోన్‌లో రాసుకున్న రెండు అధ్యాయాలు విడిగా ఉంటాయి. అన్నిటినీ ఒక ఫోల్డర్‌లోకి తెచ్చి, వర్డ్‌లో ఉండే ‘కంపేర్’ సదుపాయంతో రెండేసి చొప్పున పోల్చండి. ఎక్కడెక్కడ తేడా ఉందో అది రంగుల్లో చూపిస్తుంది. కావలసిన మార్పులన్నీ ఒకే ఫైలులోకి చేర్చాక దానికి తేదీతో పేరు పెట్టండి: ‘నవల-2025-03-14’ లాగా. ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు వేస్తే ఫోల్డర్‌లో ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలుస్తాయి.

‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అనే పేర్లు పెట్టకండి. రెండు నెలలు గడిస్తే వాటిలో ఏది చివరిదో రాసినవారు కూడా చెప్పలేరు. పాత ప్రతులను చెరిపేయకుండా ‘పాతవి’ అనే వేరే ఫోల్డర్‌లోకి నెట్టండి. పొరపాటున తీసేసిన ఒక పేరా కోసం ఎప్పుడో ఒకప్పుడు వాటిని వెతుక్కోవాల్సి వస్తుంది.

ఎన్ని కాపీలు దాచాలి? ఎక్కడ?

కంప్యూటర్ రంగంలో 3-2-1 అనే పద్ధతి ఉంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒక కాపీ వేరే చోట. ఉదాహరణకు కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి.

మూడింటిలో ఎక్కువమంది వదిలేసేది ‘వేరే చోట’ అన్న ముక్కే. 1922 డిసెంబర్‌లో పారిస్‌లోని గార్ ద లియాన్ రైల్వే స్టేషన్‌లో అమెరికన్ రచయిత హెమింగ్వే రాతప్రతులున్న సూట్‌కేసు దొంగల పాలైంది. ఆయన భార్య అసలు కాగితాలతో పాటు కార్బన్ కాపీలను కూడా దాదాపు అన్నీ అందులోనే సర్దారు. కాపీలు తీసి పెట్టుకున్నా అవి ఒకే పెట్టెలో ఉండటంతో ఉపయోగం లేకపోయింది. ల్యాప్‌టాప్ బ్యాగులోనే పెన్‌డ్రైవ్ పెట్టుకుని తిరగడమూ అలాంటిదే.

క్లౌడ్ విషయంలో ఒక మెలిక ఉంది. కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను క్లౌడ్‌తో జతచేస్తే ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది, ఇక్కడ పాడైంది అక్కడా పాడవుతుంది. పాత వెర్షన్లను కొన్నాళ్లు దాచే సదుపాయం మీ ఖాతాలో ఉందో లేదో, ఎన్ని రోజులు దాచుతుందో చూసుకోండి. ఎస్‌ఎస్‌డీలు, పెన్‌డ్రైవ్‌లు కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే వాటిలోని సమాచారం క్రమంగా చెదిరే ప్రమాదముంది. బ్యాకప్ అంటే పెట్టి మరిచిపోయే వస్తువు కాదు. నెలకోసారి కాపీని వేరే యంత్రంలో తెరిచి, చివరి పేజీ దాకా వెళ్లి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలో వేసుకోవద్దు.

చేతిరాత ప్రతి ఉంటే?

కంపోజింగ్‌కు అసలు కాగితాలు ఇవ్వకూడదు, జిరాక్సే ఇవ్వాలి. ఇచ్చేముందు ప్రతి పేజీకి కుడివైపు పైన నంబరు వేయండి. మధ్యలో చేర్చిన కాగితాలకు 45అ, 45ఆ అని వేసి, 45వ పేజీ అడుగున ‘తర్వాత 45అ చూడండి’ అని రాయండి. స్కాన్ చేసేటప్పుడు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) సరిపోతుంది. పెన్సిల్ రాతనూ వెలిసిన సిరానూ గ్రేస్కేల్‌లో తీయండి. నలుపు-తెలుపు మోడ్‌లో సన్నటి గీతలు మాయమవుతాయి, వాటితో పాటే దీర్ఘాలూ వత్తులూ పోతాయి. అయ్యాక పీడీఎఫ్ పేజీల సంఖ్య కాగితాల సంఖ్యతో సరిపోయిందో లెక్కపెట్టండి. రెండు కాగితాలు అతుక్కుని ఒకేసారి లోపలికి వెళ్లడం మామూలే.

ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టాలా?

ల్యాప్‌టాప్‌కూ మెయిల్ ఖాతాకూ గట్టి పాస్‌వర్డ్, రెండంచెల ధృవీకరణ ఉంటే చాలు. ఫైలుకే పాస్‌వర్డ్ పెట్టి మరిచిపోతే దాన్ని తెరవడం దాదాపు అసాధ్యం. పెట్టక తప్పదనుకుంటే కాగితం మీద రాసి, నమ్మకమైన మరొకరికి ఆ కాగితం ఎక్కడుందో చెప్పండి.

కాపీరైట్ రిజిస్టర్ చేస్తేనే హక్కు వస్తుందా?

కాదు. కాపీరైట్ మీద కుదిరిన 1886 నాటి బెర్న్ అంతర్జాతీయ ఒప్పందంలో 180కి పైగా దేశాలున్నాయి. దాని ప్రకారం రచన మీద హక్కు రాసినవారికి దానంతటదే వస్తుంది. రిజిస్ట్రేషన్, © గుర్తు లాంటి లాంఛనాలేవీ షరతు కాదు. రచయిత జీవితకాలం, ఆపైన కనీసం 50 ఏళ్లు రక్షణ ఉండాలని అదే ఒప్పందం చెబుతోంది. చాలా దేశాలు ఇంతకంటే ఎక్కువే ఇస్తున్నాయి.

అలాగని రిజిస్ట్రేషన్ దండగ కాదు. అది హక్కును పుట్టించదు, వివాదం వచ్చినప్పుడు సాక్ష్యంగా నిలుస్తుంది. కొన్ని దేశాల్లో అయితే కోర్టుకెక్కాలంటే ముందు రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే.

రాతప్రతిని నాకు నేనే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకుని, విప్పకుండా దాచితే రుజువు అవుతుందా?

చాలా బలహీనమైన రుజువు. ఖాళీ కవరును అంటించకుండా ఈరోజు పోస్టు చేసుకుని, పదేళ్ల తర్వాత అందులో ఏ కాగితాలైనా పెట్టి అంటించొచ్చు. ఎదుటి లాయరు మొదట అడిగేది అదే.

అంతకంటే పనికొచ్చేవి మామూలు పనుల్లోనే పుడతాయి. తేదీలున్న చిత్తుప్రతులు, దిద్దుబాట్లు చేసిన కాగితాలు, పాఠకులకూ ప్రచురణకర్తకూ ఫైలు జతచేసి పంపిన మెయిళ్లు, వారి జవాబులు. సాంకేతికంగా ఇంకో అడుగు వేయాలంటే ఫైలుకు షా-256 హ్యాష్ తీయండి. అది 64 అంకెలు, అక్షరాల వరుస. ఫైలులో ఒక్క కామా మారినా వరుస మొత్తం మారిపోతుంది. ఆ వరుసను మెయిల్‌లో రాసి ఇంకొకరికి పంపితే, ఆ తేదీకి సరిగ్గా ఈ ఫైలే మీ దగ్గర ఉందని తర్వాత చూపించొచ్చు. అయితే ఆ ఫైలును మళ్లీ తెరిచి సేవ్ చేస్తే హ్యాష్ మారిపోతుంది. అందుకే దాని కాపీని విడిగా దాచి, ముట్టుకోకుండా వదిలేయాలి.

నా కథలోని ఆలోచననో, పుస్తకం పేరునో వాడుకుంటే?

ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని మీరు రాసిన తీరుకే ఉంది. పేర్లకు కూడా సాధారణంగా ఉండదు. అందుకే ఒకే పేరుతో పలు పుస్తకాలు కనిపిస్తాయి.

ప్రచురణకర్తకు పంపితే ఆయనే వాడేసుకోరా?

పేరున్న ప్రచురణకర్తకు దొంగిలించడం కంటే ఒప్పందం రాసుకోవడమే చవక. కొత్త రచయిత పుస్తకాన్ని దొంగిలిస్తే మిగిలేది కూడా పెద్దగా ఉండదు. చదివేముందే ‘ఎవరికీ చెప్పను’ అని సంతకం పెట్టమంటే చాలామంది చదవకుండానే తిప్పి పంపుతారు. వాళ్లు అడిగినంతే పంపండి. సారాంశం, రెండు మూడు అధ్యాయాలు అడిగినచోట పుస్తకమంతా అక్కర్లేదు. ఎవరికి, ఏ తేదీన, ఏ ప్రతి పంపారో ఒక నోట్‌బుక్కులో రాసుకోండి.

మిత్రులకు చదవడానికిచ్చేటప్పుడూ ఇదే పద్ధతి. పీడీఎఫ్‌గా ఇవ్వండి, ప్రతి పేజీ అడుగున చదివేవారి పేరు, తేదీ వేయండి. దాంతో కాపీ చేయడం ఆగదు గానీ, వాట్సాప్‌లో నలుగురికీ పంపబోయే చేయి కాస్త వెనకాడుతుంది. వర్డ్ ఫైలు ఇస్తే ఇంకో బెడద ఉంది: వాళ్లలో ఒకరు అందులోనే దిద్ది పంపుతారు, మీకు ఇంకో ‘అసలు ప్రతి’ తయారవుతుంది.

ఫైలును ఎలా సిద్ధం చేస్తే డీటీపీలో ఇబ్బందులు రావు?

ఏ4 పేజీ, నాలుగు వైపులా అంగుళం మార్జిన్, 12 పాయింట్ల అక్షరం, 1.5 లైన్ స్పేసింగ్, పేజీ నంబరు. పైకి కనిపించేదానికి ఇది చాలు. అలంకారాలు వద్దు, పేజీ రూపం డీటీపీలోనే వస్తుంది. మీరు పెట్టిన పెట్టెలూ గీతలూ రంగులూ అక్కడ తీసేయాల్సిన చెత్త అవుతాయి.

లోపల జాగ్రత్తలు వేరు. అధ్యాయం పేర్లకు ‘హెడింగ్ 1’ స్టైల్ వాడండి, అక్షరాన్ని లావు చేసి వదిలేయకండి. కొత్త అధ్యాయం కొత్త పేజీలో మొదలవ్వాలంటే కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కండి. ఎంటర్ మీద ఇరవైసార్లు కొడితే పేజీ సైజు మారగానే అధ్యాయం శీర్షిక పేజీ మధ్యలో తేలుతుంది. పేరా మొదట్లో జాగా స్పేస్‌బార్‌తో కాకుండా పేరాగ్రాఫ్ సెట్టింగ్‌తో ఇవ్వండి. సన్నివేశం మారేచోట ఖాళీ లైను వదలకుండా మధ్యలో మూడు చుక్కల గుర్తు పెట్టండి. ఖాళీ లైను పేజీ అంచున పడితే కనిపించదు, రెండు సన్నివేశాలు కలిసిపోతాయి. బొమ్మలను వర్డ్‌లో అతికించకుండా విడి ఫైళ్లుగా ఇచ్చి, వాటి స్థానంలో ‘బొమ్మ 7 ఇక్కడ’ అని రాయండి.

పంపేముందు ట్రాక్ చేంజెస్‌ను (దిద్దుబాట్లను వర్డ్ గుర్తులతో చూపించే సదుపాయాన్ని) ముగించి, కామెంట్లన్నీ తీసేయండి. ‘ఈయన అసలు పేరు తర్వాత మార్చాలి’ అని పక్కన రాసుకున్న మాట అలాగే ప్రచురణకర్త కంటబడుతుంది, అసలు పేరుతో సహా.

పాత ఫాంటులో టైపు చేసిన పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మారిస్తే ఏం చెడిపోతుంది?

తెలుగు పుస్తకాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ విడివిడిగా సంకేతాలిచ్చే పద్ధతి. యూనికోడ్ కాని ఫాంట్లలో తెలుగు అక్షరం లోపల తెలుగుగా ఉండదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలకు తెలుగు ఆకారాలు తొడిగి చూపిస్తాయంతే. మార్పిడి సాఫ్ట్‌వేర్ ఆ ఆకారాలను చూసి ఏ అక్షరమో తేలుస్తుంది, అందులో కొన్నిచోట్ల తప్పుతుంది.

తప్పులు వచ్చే చోట్లు దాదాపు ఎప్పుడూ అవే. సున్నా బదులు అంకె 0 పడుతుంది: ‘అందం’ కాస్తా ‘అ0ద0’ అవుతుంది. ఫాంటును బట్టి కంటికి తేడా తెలియదు గానీ, వెతికితే ఆ మాట దొరకదు. విసర్గ బదులు కోలన్ వస్తుంది: ‘దుఃఖం’ ‘దు:ఖం’గా మారుతుంది. పుస్తకంలో అక్కడక్కడా ఉన్న ఇంగ్లీషు మాటల్ని, అంకెల్ని కూడా పాత ఫాంటు సంకేతాలే అనుకుని అర్థం లేని తెలుగుగా మార్చేస్తుంది. అక్షరాలను విడదీసి ఉంచే కనిపించని గుర్తు ఎగిరిపోతే ‘సాఫ్ట్‌వేర్’ ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. కొటేషన్ గుర్తులు, డ్యాష్‌లు వేరే గుర్తులుగా మారతాయి.

కాబట్టి మార్చాక అంకె 0ను, కోలన్‌ను ఒక్కొక్కటిగా వెతికి చూడండి. తర్వాత పాత ప్రింటును పక్కన పెట్టుకుని మొత్తం పోల్చి చదవాలి. అడ్డదారి లేదు. ఇంకొకటి, మీరు యూనికోడ్‌లో ఇచ్చినా డీటీపీవారు తమ పాత ఫాంటులోకి మార్చుకుని పేజీలు కట్టొచ్చు. ముందే అడగండి. అలా అయితే ఆ మార్పిడి జరిగాక తీసిన ప్రూఫులే (తప్పులు దిద్దడానికి తీసే నమూనా ప్రింట్లే) దిద్దాలి. అంతకు ముందు ఎంత శుభ్రంగా దిద్దినా ఆ పని చాలదు.

చివర్లో ఒక పాత్ర పేరు మార్చాలి. ‘రీప్లేస్ ఆల్’ కొట్టేయొచ్చా?

వద్దు. ‘రాము’ను ‘సోము’గా మార్చమంటే ‘పది గ్రాముల బంగారం’ కూడా ‘పది గ్సోముల బంగారం’ అయి కూర్చుంటుంది. గ్రాములో ‘రాము’ ఉందిగా! ‘పూర్తి పదం మాత్రమే’ అన్న ఎంపిక తెలుగులో అక్కరకు రాదు. పేరుకు ‘రాముకి’, ‘రాముతో’, ‘రామూ!’ అని విభక్తులూ పిలుపులూ అతుక్కునే ఉంటాయి, వాటిని అది వదిలేస్తుంది. ఒక్కొక్కచోట ఆగి, చూసి మార్చండి. రెండొందల చోట్ల ఉన్నా ఒక పూట పని. తర్వాత దీర్ఘంతో ఉన్న రూపాల కోసం విడిగా వెతకండి.

ప్రూఫులు ఎన్నిసార్లు దిద్దాలి?

కనీసం మూడుసార్లు, ఒక్కోసారి ఒక్కో పని. మొదటి ప్రూఫును రాతప్రతితో పోల్చి చదవాలి: లైన్లు, పేరాలు ఎగిరిపోయాయా అన్నదే ముఖ్యం. రెండో ప్రూఫులో మీరు చెప్పిన దిద్దుబాట్లు పడ్డాయో లేదో చూస్తారు. దిద్దిన మాటనే కాదు, ఆ పేరా మొత్తం చదవండి, ఒక తప్పు సరిచేస్తూ పక్కన ఇంకోటి చేయడం సర్వసాధారణం. మూడోసారి పాఠం చదవక్కర్లేదు. పేజీ నంబర్లు, పైన ఉండే శీర్షికలు, విషయసూచిక, ఫుట్‌నోట్లు చూస్తే చాలు. విషయసూచికలో పేజీ నంబర్లు అన్నిటికంటే చివర వేయాలి.

రాసినవారి కన్ను కాగితం మీద ఉన్నదాన్ని కాక మనసులో ఉన్నదాన్ని చదువుతుంది. అందుకని ఒక విడతైనా ఇంకొకరు చదవాలి. స్పెల్‌చెక్ మీద ఆశ పెట్టుకోవద్దు. ‘అర్థం’, ‘అర్ధం’ రెండూ సరైన మాటలే, మొదటిది భావం, రెండోది సగం. వాక్యం చదివితే తప్ప ఏది తప్పో తెలియదు. ‘కథ’ ‘కధ’ కావడం, ‘ప్రథమ’ ‘ప్రధమ’ కావడం లాంటి థ-ధ తికమకలను, శ-ష-సలను, ల-ళలను విడివిడిగా ఒకసారి వెతికి చూడటం మంచిది.

ప్రూఫుల దశలో తిరగరాయడం మొదలుపెట్టకండి. 30వ పేజీలో ఒక పేరా పెరిగితే ఆ అధ్యాయంలోని పేజీలన్నీ జరుగుతాయి.

ఇతరుల పద్యాలు, పాటలు, ఉత్తరాలు, ఫొటోలు వాడుకోవచ్చా?

విమర్శలోనో చర్చలోనో రెండు వాక్యాలు ఉదహరించి, ఎవరివో చెప్పడాన్ని చాలా దేశాల చట్టాలు అనుమతిస్తాయి. సినిమా పాటల్ని, ఆధునిక కవితల్ని అలంకారంగా అధ్యాయం మొదట్లో పెట్టడం వేరు. పాటే చిన్నది కాబట్టి రెండు పంక్తులు కూడా పెద్ద భాగమవుతాయి. అనుమతి లిఖితంగా తీసుకోండి, లేదా తీసేయండి.

ఉత్తరాల దగ్గర చాలామంది పొరబడతారు. మీకు వచ్చిన ఉత్తరం కాగితం మీదే, అందులోని రాతపై హక్కు మాత్రం రాసినవారిది, వారి తర్వాత వారసులది. ఫొటో హక్కు కూడా సాధారణంగా తీసినవారిదే, అందులో ఉన్నవారిది కాదు. జవాబులు రావడానికి నెలలు పడుతుంది కాబట్టి ప్రూఫుల దాకా ఆగకుండా రాతప్రతి దశలోనే అడగండి.

బతికున్న మనుషుల గురించి రాస్తే పేరొకటి మార్చినంత మాత్రాన సరిపోదు. ఊరు, ఉద్యోగం, సంఘటన చూసి ఇట్టే గుర్తుపట్టేలా ఉంటే పరువునష్టం దావాకు వీలుంటుంది. అలాంటి పేజీలను అచ్చుకు ముందే లాయరుకు చూపించండి.

ఐఎస్‌బీఎన్ ఎందుకు? అది కాపీరైట్ ఇస్తుందా?

ఇవ్వదు. అది పుస్తకాన్ని గుర్తించే నంబరు మాత్రమే. 2007 జనవరి 1 నుంచి 13 అంకెలు, 978తో గానీ 979తో గానీ మొదలవుతుంది. గట్టి అట్ట, మామూలు అట్ట, ఈబుక్ మూడింటికీ మూడు వేర్వేరు నంబర్లు కావాలి. అదే పుస్తకాన్ని మార్పులేమీ లేకుండా తిరిగి అచ్చువేస్తే కొత్తది అక్కర్లేదు.

పేజీల సంఖ్య ముందే ఎందుకు తేల్చుకోవాలి?

ప్రెస్‌లో పేజీలు విడిగా అచ్చు కావు. పెద్ద షీటు మీద కలిపి వేసి మడుస్తారు, సాధారణంగా 16 పేజీలు ఒక ఫారం. పాఠం 214 పేజీలు, ముందు పేజీలు 12 అనుకుంటే మొత్తం 226. పద్నాలుగు ఫారాలకు 224 పేజీలే, రెండు మిగిలిపోయాయి. ఆ రెండింటిని ఎక్కడో కుదించి 224లో సర్దాలి, లేదా ఇంకో అరఫారం వేసి 232 చేయాలి, అప్పుడు ఆరు పేజీలు ఖాళీ. చివరి పేజీలో కొద్ది లైన్లే ఉన్న అధ్యాయాలు వెతికితే రెండు పేజీలు సులువుగా దొరుకుతాయి. ముందుమాటలు ఆలస్యంగా రావడం మామూలే కాబట్టి వాటికి జాగా ముందే లెక్కలో వేసుకోండి.

ముఖచిత్రం విషయంలో ఏం చూసుకోవాలి?

వెన్ను మందం తేలకుండా అట్ట తయారు చేయించకండి. 232 పేజీలంటే 116 కాగితాలు. ఒక్కో కాగితం 0.1 మి.మీ. మందమైతే వెన్ను 11.6 మి.మీ. ఒకే జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) ఉన్న రెండు కాగితాల మందం కూడా వేరుగా ఉండొచ్చు. అందుకే ఆ అంకె ప్రెస్ నుంచే తీసుకోవాలి. కత్తిరింపు కోసం చుట్టూ 3 మి.మీ. అదనంగా బొమ్మ ఉండాలి, లేకపోతే అంచున తెల్ల గీత కనబడుతుంది.

ఫొటో అచ్చయ్యే సైజులో 300 డీపీఐ ఉండాలి: ఐదున్నర అంగుళాల వెడల్పుకు 1,650 పిక్సెల్స్. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటో కుదించిందై ఉంటుంది, డాక్యుమెంటుగా పంపించుకోండి. తెర మీద మెరిసే నీలం, ఆకుపచ్చ అచ్చులో కాస్త వెలవెలబోతాయి. తెర రంగులు వెలుగుతో పుట్టేవి, అచ్చు రంగులు సిరాతో వచ్చేవి. కలర్ ప్రూఫు కాగితం మీద చూడండి.

ఒప్పందంలో ఏ మాటల దగ్గర ఆగాలి?

‘అన్ని హక్కులు, అన్ని భాషల్లో, అన్ని రూపాల్లో, శాశ్వతంగా’ అన్నచోట. ప్రచురణకర్తకు నిజంగా కావలసింది ఈ భాషలో, ఈ రూపంలో, ఇన్నేళ్లకు అచ్చువేసే హక్కు. అనువాదం, ఆడియో, సినిమా హక్కులను వాళ్లు వాడే ఉద్దేశం లేకపోతే మీ దగ్గరే ఉంచుకోండి.

రాయల్టీ ఎంత శాతమన్నది ఎంత ముఖ్యమో, దేని మీద శాతమన్నదీ అంతే ముఖ్యం. అట్ట మీది ధర 300 అయి, డిస్కౌంట్లు పోను ప్రచురణకర్త చేతికొచ్చేది 150 అయితే, అదే పది శాతం ఒక లెక్కలో 30, ఇంకో లెక్కలో 15.

‘ప్రతులు అయిపోతే హక్కులు రచయితకు తిరిగి వస్తాయి’ అన్న పాత వాక్యం ఈ రోజుల్లో సరిపోదు. ఈబుక్ ఎప్పటికీ అయిపోదు. ‘వరుసగా రెండేళ్లు ఇన్ని ప్రతులకంటే తక్కువ అమ్ముడైతే’ అని సంఖ్యతో రాయించుకోండి. కలంపేరుతో వచ్చే పుస్తకమైనా ఒప్పందం అసలు పేరుతోనే ఉండాలి.

సొంత డబ్బుతో వేయించుకుంటుంటే పేజీలు కట్టిన అసలు ఫైళ్లు ఎవరివో కాగితం మీద తేల్చుకోండి. లేకపోతే రెండో ముద్రణకు మళ్లీ మొదటి నుంచి కంపోజింగే.

ప్రింట్ ఆర్డర్ ఇచ్చేముందు చివరగా?

ప్రెస్‌కు వెళ్లే పీడీఎఫ్‌నే మీ దగ్గర తెరవండి, దిద్దిన ఫైలును కాదు. వీలైతే డీటీపీ జరగని వేరే కంప్యూటర్‌లో. ఫాంట్లు అందులో ఇమిడి లేకపోతే అక్కడే బయటపడుతుంది. పేరు, రచయిత పేరు, ఐఎస్‌బీఎన్ అట్ట మీద, లోపలి పేజీలో, బార్‌కోడ్ కింద ఒకటేనా అని మూడు చోట్లా పోల్చండి. తప్పు దొరికేది ఎక్కువగా పెద్ద అక్షరాల్లోనే, ఎందుకంటే వాటిని ఎవరూ చదవరు. అన్నీ సరిపోతే ప్రతి పేజీ మీద సంతకం పెట్టి ఇవ్వండి. ఆ పీడీఎఫ్, పేజీలు కట్టిన ఫైళ్లు, వాడిన ఫాంట్లు, అట్ట ఫైలు ఒక ఫోల్డర్‌గా తెచ్చుకుని మిగతా కాపీల పక్కనే దాచండి. అచ్చయిన పుస్తకంలో తర్వాత కనిపించే తప్పుల జాబితా కూడా అందులోనే ఉంచితే రెండో ముద్రణకు సిద్ధంగా ఉంటుంది.